ఒక లెంగ్త్ పైపుకు అరజానెడు వాలు: గాలీ నీరూ కలిసి పారే గొట్టంలో అలలు ఎలా లేస్తాయో మీరే చూడండి

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మతోటలున్నవాళ్లకు ఈ చప్పుడు తెలిసే ఉంటుంది. ఏప్రిల్ దాటాక బోరు ఆన్ చేసి తొట్టి దగ్గర నిలబడితే పైపు ముందు ఉస్సుమంటుంది, తర్వాత గుటగుటమంటుంది, ఆ వెంటనే నీటి ముద్ద ఒకటి దబ్బున వచ్చి పడుతుంది. మళ్లీ గాలి, మళ్లీ ముద్ద. మా తోటలో బోరు నుంచి తొట్టికి వెళ్లే లైను మధ్యలో చిన్న మిట్ట ఎక్కి దిగుతుంది. ఈ తిప్పలు మొదలైన ఏడాది, మాకు పైపు వేసినాయన మోటారు పెద్దది పెట్టమన్నాడు. పెట్టాం. బోరులో నీళ్లు ఇంకా త్వరగా దిగిపోయాయి, గాలి ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ వేసవిలో చివరి వరుసల చెట్లకు నీళ్లందలేదు. వాడిపోయిన ఆ ఆకులు నాకిప్పటికీ గుర్తే.

పైపు లోపల ఏం జరుగుతోందో కంటితో చూస్తే తప్ప లాభం లేదనిపించి, లోపలికి కనిపించే గొట్టంతో పెరట్లో ఒక అమరిక కట్టాను. మీరూ కట్టుకోవచ్చు. ఒక ఆదివారం పని. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లను కూడా పిలవండి, క్లాసులో బోర్డు మీద గీసిన బొమ్మ ఇక్కడ కదులుతూ కనిపిస్తుంది.

అల ఎందుకు లేస్తుంది

మైపాడు బీచిలో నిలబడి చూస్తే, గాలి నీటి మీద రుద్దుకుంటూ పోయి అలలు లేపుతుంది. పైపులోనూ అదే గాలి, అదే నీరు. తేడా ఒక్కటే, సముద్రం మీద కప్పు లేదు, పైపుకు ఉంది. నీరు అడుగున, గాలి పైన పోతున్నప్పుడు నీటి మీద ఎక్కడైనా చిన్న గుబ్బ లేచిందనుకోండి. ఆ గుబ్బకూ పైపు కప్పుకూ మధ్య సందు ఇరుకవుతుంది. ఇరుకు సందులో గాలి వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన చోట గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే గుబ్బ ఇంకా పైకి లేస్తుంది. దాన్ని కిందికి లాగేది నీటి బరువు. మరీ చిన్న అలలైతే నీటి తలతన్యత, అంటే నీటి పైపొరకు ఉండే బిగువు, కూడా పట్టి ఉంచుతుంది. గాలి పీల్చే బలం గెలిస్తే అల పెరుగుతుంది, బరువు గెలిస్తే చదును అవుతుంది. ఈ పోటీని 1868లో హెల్మ్‌హోల్ట్జ్, 1871లో కెల్విన్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అందుకే దాన్ని ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు.

దాన్ని పైపుకు సరిపోయేలా మలిచినవాళ్లు టైటెల్, డక్లర్ అనే ఇంజినీర్లు. 1976లో వాళ్లిచ్చిన సూత్రంతో లెక్క వేస్తే అంగుళం గొట్టానికి ఇలా వస్తుంది. నీరు పావు వంతు లోతున ఉంటే అల పెరిగి కప్పును తాకడానికి గాలి సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో పోవాలి. సగం లోతైతే 4.5 మీటర్లు చాలు. ముప్పావు లోతైతే 1.5 మీటర్లకే పని అయిపోతుంది. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడతాయి. చిరుఅలలు ఇంతకంటే తక్కువ వేగానికే కనిపిస్తాయి. ఇక్కడ చెప్పేది కప్పును తాకే పెద్ద అల సంగతి.

మరి వాలు సంగతి? నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచింది ఇదే. పైపును 5 డిగ్రీలు వంచినా నీటి బరువు అలను కిందికి లాగే బలం అరశాతం కూడా మారదు. అంటే వాలు ఈ పోటీలో నేరుగా వేలు పెట్టదు. అది మార్చేది నీటి లోతును. పల్లానికి వాలితే నీరు పరుగెత్తి పలచబడుతుంది, మిట్టకు వాలితే మెల్లబడి పేరుకుంటుంది. లోతు మారితే పైన చెప్పిన మూడు అంకెల్లో మీ పైపు ఏ అంకె దగ్గర ఉందో మారిపోతుంది.

సామాను

లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పారదర్శక గొట్టం 6 మీటర్లు. దారాల అల్లిక ఉన్న రకం వద్దు, అలలు సరిగా కనబడవు. చుట్ట చుట్టి అమ్ముతారు కాబట్టి వంపు తిరిగి ఉంటుంది. మన నెల్లూరు ఎండలో అరగంట పరిచి, ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితే తిన్నగా వస్తుంది.

దాన్ని పడుకోబెట్టడానికి 20 అడుగుల ఇనుప యాంగిల్ ఒకటి. వట్టి గొట్టాన్ని స్టూళ్ల మీద పెడితే మధ్యలో వేలాడుతుంది, ఆ వేలాడే చోట నీరు నిలిచి మీ ప్రయోగమంతా తప్పుతుంది. యాంగిల్ కింద కూడా ప్రతి మీటరున్నరకు ఒక ఆధారం పెట్టండి. ఇటుకలూ, టైల్ ముక్కలూ చాలు.

నీటికి ఎత్తు మీద ఒక డ్రమ్ము, దానికి బాల్ వాల్వ్. మోటారుతో నేరుగా కొట్టడం కంటే డ్రమ్ము మేలు, ధార నిలకడగా ఉంటుంది. గాలికి దుమ్ము ఊదే చేతి బ్లోయర్ సరిపోతుంది. తీరం వైపు హేచరీల్లో తెలిసినవాళ్లుంటే పక్కన పెట్టేసిన రింగ్ బ్లోయర్ దొరకవచ్చు, అది ఇంకా మంచిది. అక్వేరియం పంపు మాత్రం చాలదు. సగం నిండిన అంగుళం గొట్టంలో 4.5 మీటర్ల వేగం రావాలంటే నిమిషానికి 66 లీటర్ల గాలి కావాలి. ఒక టీ జాయింటు, గాలి వైపు ఇంకో టీ, రెండు వాల్వులు, క్లిప్పులు, బట్టలకు వేసే నీలం, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, స్లో మోషన్ ఉన్న ఫోను. ఇంతే.

కట్టడం

టీని గొట్టం మొదట్లో బిగించండి. గాలి తిన్నగా, నీరు అడుగు నుంచి వచ్చేలా పెట్టుకోండి. గాలి గొట్టాన్ని పైపు కంటే ఒక మీటరు పైకి ఎత్తి, వంచి, కిందికి తీసుకురండి. నీటి ముద్ద కప్పును మూసినప్పుడు ఒత్తిడి ఎదురు తిరిగి నీళ్లు బ్లోయర్ వైపు తన్నుతాయి. ఈ వంపు లేకపోతే కరెంటు వస్తువులోకి నీళ్లు పోతాయి. చెప్పులు వేసుకోండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోండి, పనంతా ముగించి ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టి తర్వాతే బ్లోయర్ ఆపండి. దయచేసి ఈ మూడిట్లో దేన్నీ వదలకండి.

బ్లోయర్ తర్వాతి టీకి ఒక వాల్వ్ పెట్టి బయటికి వదలండి. గాలి తగ్గించాలంటే బ్లోయర్ నోరు మూయడం కాదు, ఈ వాల్వ్ తెరిచి అదనపు గాలిని బయటికి పోనివ్వాలి. గాలి ఎంతో కొలవడానికి 50 లీటర్ల ప్లాస్టిక్ సంచి తగిలించి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 45 సెకన్లు పడితే నిమిషానికి 66 లీటర్లు. వాల్వ్ పిడి మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే మళ్లీ మళ్లీ కొలవక్కర్లేదు.

నీటికి లీటరు సీసా చాలు. 20 సెకన్లలో నిండేలా వాల్వ్ సర్దండి, అంటే నిమిషానికి 3 లీటర్లు. ఇక చివరిదాకా దీన్ని ముట్టుకోవద్దు. మూడు వాలుల్లోనూ నీరు ఒక్కటే అయితేనే వాలు చేసే పని విడిగా కనిపిస్తుంది.

యాంగిల్ పొడవునా 10 సెంటీమీటర్లకో గీత పెట్టి, వెనక తెల్ల కాగితం అంటించండి. అక్కడితో కట్టడం అయింది.

మట్టం

ఈ పనికి రసమట్టం చాలదు. గొట్టం రెండు కొసలకూ లెవెల్ పైపు పట్టి సమంగా తేండి. ఆ తర్వాత వాలు ఇలా లెక్క పెట్టుకోండి. 6 మీటర్ల పొడవుకు ఒక కొస పదిన్నర సెంటీమీటర్లు లేస్తే ఒక డిగ్రీ. 52 సెంటీమీటర్లు లేస్తే 5 డిగ్రీలు. పావు డిగ్రీ అంటే 2.6 సెంటీమీటర్లే. మనం కొనే పీవీసీ పైపు ఒక లెంగ్త్ కూడా 20 అడుగులే, అంటే ఆరు మీటర్ల పైచిలుకు. కాబట్టి ఒక లెంగ్త్‌కు అరజానెడు ఎత్తు తేడా వస్తే ఒక డిగ్రీ వాలినట్టే. కాలువ తవ్వి పైపు వేసేటప్పుడు ఆ మాత్రం తేడా మనం చూసుకుంటామా? నేను చూసుకోలేదు.

మొదటి చూపు: సమంగా

నీళ్లు వదలండి. గాలి లేకుండా ఐదు నిమిషాలు పారనివ్వండి. టీ వైపు లోతుగా, చివర పలచగా ఉంటుంది. ఇప్పుడు గాలిని సన్నగా మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. ముందు నీటి ముఖం అద్దంలా ఉంటుంది. కాసేపటికి దాని మీద సన్నని ముడతలు వస్తాయి, మరిగే పాల మీద మీగడ ముడుచుకున్నట్టు. వీటిని పక్క నుంచి లైటు వేసి చూడండి, ఎదురుగా వేస్తే కనబడవు.

ఇంకా పెంచితే ముడతలు కలిసిపోయి, వెడల్పాటి అలలు దూరం దూరంగా నడుస్తాయి. ఆ తర్వాత ఒక క్షణం వస్తుంది. లోతుగా ఉన్న మొదటి భాగంలో ఒక అల లేచి, కప్పును తాకి, గొట్టాన్ని మూసేస్తుంది. గాలికి దారి మూసుకుపోయింది కదా, వెనక ఒత్తిడి పెరిగి ఆ నీటిని తోపుడుబండిలా నెట్టుకుపోతుంది. దారిలో ఉన్న నీటినంతా ఊడ్చుకుంటూ చివర దబ్బున పడుతుంది. ఇంజినీర్లు స్లగ్ అనేది దీన్నే. మా తొట్టి దగ్గర నేను ఏళ్ల తరబడి విన్న చప్పుడు ఇదే. మొదటిసారి కంటితో చూసినప్పుడు నేను చాలాసేపు వాల్వ్ తిప్పుతూ, తగ్గిస్తూ, మళ్లీ తిప్పుతూ అక్కడే కూర్చుండిపోయాను.

ఒకటి గమనించండి. ముద్ద పోయాక వెనక నీరు పలచబడుతుంది. అందుకే వెంటనే ఇంకో ముద్ద పుట్టదు. డ్రమ్ము నుంచి నీరు వచ్చి లోతు మళ్లీ పెరిగేదాకా ఆగుతుంది. ముద్దకూ ముద్దకూ మధ్య ఎన్ని సెకన్లో రాసుకోండి.

అల వేగం కొలవాలంటే స్లో మోషన్ వీడియో తీయండి. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనులో ఒక అల మీటరు దూరం దాటడానికి 480 ఫ్రేములు పడితే దాని వేగం సెకనుకు అరమీటరు. సగం నిండిన అంగుళం గొట్టంలో నీటి మీద అల తనంతట తాను పోయే వేగం సెకనుకు 31 సెంటీమీటర్లు, దానికి నీటి సొంత వేగం తోడవుతుంది. మీ అంకెను దీంతో పోల్చుకోండి.

రెండో చూపు: పల్లానికి

గాలి ఆపి, చివరి కొసను పదిన్నర సెంటీమీటర్లు దించండి. నీటి వాల్వ్ ముట్టుకోవద్దు. చూస్తూండగానే లోతు తగ్గిపోతుంది. నా లెక్క ప్రకారం గొట్టంలో పావు కంటే కాస్త ఎక్కువ లోతు మిగులుతుంది. ఇప్పుడు ముద్ద పుట్టించాలంటే గాలి సెకనుకు దాదాపు 8 మీటర్లు పోవాలి. ఇందాక ముద్దలు కొట్టిన గాలితోనే నడిపి చూడండి, ఒక్కటి కూడా రాదు. అరజానెడు వాలు ముద్దల్ని పూర్తిగా ఆపేసింది.

గాలి మొత్తం ఆపేసి నీటినే పరీక్షగా చూడండి. గాలి లేకపోయినా అలలుంటాయి! వాన పడ్డప్పుడు వాలుగా ఉన్న సిమెంటు రోడ్డు మీద నీరు మడతలు మడతలుగా దిగిరావడం చూశారు కదా, అలాంటివే. నీరు తన మీద నడిచే అల కంటే బాగా వేగంగా పారితే ఈ మడతలు పుడతాయి. నీటి వేగాన్ని అల వేగంతో భాగిస్తే వచ్చే అంకెను ఫ్రూడ్ సంఖ్య అంటారు. వాలు కాలువలకు 1925లో జెఫ్రీస్ కట్టిన లెక్కలో అది 2 దాటితే మడతలు వస్తాయి, పైపులకు మామూలుగా 1.5 తీసుకుంటారు. మన గొట్టంలో ఒక డిగ్రీ పల్లానికి అది సుమారు 1.75. ఐదు డిగ్రీలకు దించితే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి పైపులో అల కనబడగానే గాలి పని అనుకోకూడదు, ఒకసారి గాలి ఆపి చూడాలి.

మూడో చూపు: మిట్టకు

ఇప్పుడు చివరి కొసను సమం కంటే పదిన్నర సెంటీమీటర్లు ఎత్తండి. గాలి లేకుండా నీళ్లు వదిలితే నీరు మొదట్లోనే నిండి, గొట్టం చాలా భాగం కప్పు దాకా నీరే ఉంటుంది. కాస్త గాలి ఇవ్వగానే ముద్దలు మొదలవుతాయి. ముడతలు, అలలు అనే మెట్లు ఉండవు, నేరుగా ముద్దలే. సమంగా ఉన్నప్పుడు చూసిన అందమైన అలల దశ ఇక్కడ దాదాపు మాయమైపోతుంది. అసలు పావు డిగ్రీ ఎత్తినా ఆ దశ బాగా కుంచించుకుపోతుందని బార్నియా, షోహమ్, టైటెల్, డక్లర్ 1980లో ప్రయోగాలతో చూపించారు. ఓపిక ఉంటే 2.6 సెంటీమీటర్లు ఎత్తి చూడండి, ఎంత చిన్న తేడాకు ఎంత మార్పో తెలుస్తుంది.

ఇక్కడ నీలం చుక్కలు వాడాలి. గొట్టం మధ్యలో ముందే ఒక సన్నని సూది గుచ్చి ఉంచుకుంటే సిరంజితో నీలం పంపొచ్చు. ముద్ద వచ్చినప్పుడు నీలం ముందుకు ఎగురుతుంది. ముద్ద దాటిపోయాక, అడుగున మిగిలిన నీటిలో ఉన్న నీలాన్ని చూడండి, వెనక్కి జారుతుంది. నీరు రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తూ మిట్ట ఎక్కుతోందన్నమాట. ఎక్కించిన నీటినే మళ్లీ మళ్లీ ఎక్కిస్తున్నాం కాబట్టి మోటారు కష్టమంతా తొట్టిలోకి రాదు.

ఇక తోటలోకి

లెవెల్ పైపు తీసుకుని బోరు నుంచి తొట్టి దాకా లైను వెంట నడవండి. ప్రతి లెంగ్త్‌కూ ఎత్తు రాసుకోండి. ఫోనులో చూపించే ఎత్తును నమ్మవద్దు, అరజానెడు తేడాలు దానికి అందవు. మా లైనులో నేను ఒక్క మిట్ట ఉందనుకున్నాను, కొలిస్తే మూడు తేలాయి. రెండు మనిషి కంటికి కనబడనివి, కాలువ పూడ్చేటప్పుడు పైపు కింద రాళ్లూ మట్టిగడ్డలూ పడటం వల్ల వచ్చినవి.

తర్వాత ధార కొలవండి. నీళ్లు ముద్దలుగా వస్తుంటే చిన్న క్యానుతో సరిగా తెలియదు, 200 లీటర్ల డ్రమ్ము పెట్టి సమయం చూడండి. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, లోపలి వ్యాసం 58 అనుకుందాం. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, పైపులో నీటి వేగం 76 సెంటీమీటర్లు. 200 సెకన్లు పడితే వేగం 38 సెంటీమీటర్లే. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చూడండి. సమంగా ఉన్న పైపులో గాలి బుడగ నీటిని తోసుకుని పోగల వేగాన్ని 1968లో బెంజమిన్ లెక్క కట్టాడు. ఆ లెక్క మన 63 పైపుకు సెకనుకు 41 సెంటీమీటర్లు. నీరు అంతకంటే నిదానంగా పోతుంటే బుడగను కదిలించలేదు. మిట్ట దిగే చోట బుడగకు పైకి తేలే గుణం కూడా తోడవుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ వేగం కావాలి. నేను 75 సెంటీమీటర్లను హద్దుగా పెట్టుకున్నాను. మీ ధార దానికి తగ్గితే, ఆ మిట్ట మీద గాలి తిష్ట వేసి కూర్చుందనే అనుకోండి. మిట్ట అవతల పైపు నిండదు, అడుగున పలచగా జారే నీరే ఉంటుంది. అచ్చం మన రెండో చూపులో కనిపించినట్టు.

గాలిని నెట్టలేనప్పుడు బయటికి వదలాలి. మిట్ట నడినెత్తిన కాకుండా, అది దాటి పైపు దిగడం మొదలయ్యే చోట ఎయిర్ వాల్వ్ పెట్టండి. గాలి పోగయ్యేది అక్కడే. పైపుకు చిన్న రంధ్రం చేసి, పైపును పట్టీలా పట్టుకునే సాడిల్‌తో బిగించకండి. అలలు ఎగురుతున్న చోట ఆ రంధ్రం సగం సమయం నీటితోనే మూసుకుంటుంది. పైపు సైజు టీ నిలువుగా వేసి, దాని పైన తగ్గించి వాల్వ్ పెడితే గాలి వచ్చి చేరడానికి చోటుంటుంది. డ్రిప్ ఉన్నవాళ్లు గాలిని లోపలికి కూడా రానిచ్చే రకం కొనండి. మోటారు ఆగినప్పుడు లైను నీటిని వెనక్కి పీలుస్తుంది, గాలి దారి లేకపోతే డ్రిప్పర్లు మట్టిని పీల్చుకుంటాయి.

కంటికి కనబడని చిన్న మిట్టల్ని తవ్వి సరిచేయండి. అక్కడ వాల్వులు దండగ. పైపు కింద ఇసుక పరిచి, ఎక్కేదైతే ఒకే ఎక్కుడు, దిగేదైతే ఒకే దిగుడు ఉండేలా చూసుకోండి.

చివరగా అసలు గాలి ఎక్కడిదో చూడాలి. వేసవిలో బోరు ఊట తగ్గి మోటారు గాలి లాగుతుంటే, డెలివరీ వాల్వ్‌ను కొంచెం కొంచెంగా మూస్తూ రండి. ఒక చోట గాలి ఆగి ధార నిలకడ అవుతుంది. బోరు ఇవ్వగలిగింది అంతే. మా తోటలో వాల్వ్ మూడో వంతు మూశాక తొట్టి ముందుకంటే త్వరగా నిండింది. ఆ సంగతి ముందే తెలిసుంటే పెద్ద మోటారు కొనేవాళ్లం కాదు.

డ్రమ్ము నిండిన సెకన్లనూ వాల్వ్ తిప్పిన చుట్లనూ స్టార్టర్ పెట్టె తలుపు లోపల తేదీతో రాసి పెట్టండి. వానలయ్యాక ఒకసారి, మళ్లీ మార్చిలో ఒకసారి కొలిచి దాని కిందే రాయండి.